కోడ్‌లో పాస్‌వర్డ్ ఎందుకు ఉండకూడదు?

ఏర్పేడు అనగానే పెద్దవాళ్లకు మలయాళ స్వామి స్థాపించిన వ్యాసాశ్రమం గుర్తొస్తుంది. ఈ తరానికి గుర్తొచ్చేవి ఐఐటీ, ఐసర్. రెండు సంస్థలూ 2015లో మొదలయ్యాయి. కొన్నేళ్లు తాత్కాలిక భవనాల్లో నడిచి, ఆ తర్వాత ఏర్పేడు దగ్గర సొంత ప్రాంగణాలకు చేరాయి. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు సరేసరి. ఈ ప్రాంతం నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు సాఫ్ట్‌వేర్ పనిలో అడుగుపెడుతున్నారు.

వాళ్లు చేసే తొలి ప్రాజెక్టు చాలావరకు ఒకే తీరులో ఉంటుంది. ముందు ఒక వెబ్‌సైట్. దాని వెనక ఒక డేటాబేస్ (సమాచారాన్ని పట్టికలుగా దాచే చోటు). వెబ్‌సైట్ ఆ డేటాబేస్‌ను తెరవాలంటే పాస్‌వర్డ్ కావాలి. దాన్ని ఎక్కడ రాయాలి? కొత్తగా నేర్చుకునేవాళ్లు కోడ్‌లోనే ఒక వరుసలో రాసేస్తారు. ప్రోగ్రామ్ నడుస్తుంది. మార్కులు పడతాయి. ఆ వరుస మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఆ ఒక్క వరుస వల్ల ఏం జరుగుతుంది? పాస్‌వర్డ్ కోడ్‌లో కాకపోతే మరెక్కడ ఉండాలి? పని చేసే వేళకు దాన్ని ప్రోగ్రామ్ ఎలా తెచ్చుకోవాలి? ఈ మూడు ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబు చూద్దాం.

తెలంగాణ పోలీసు యాప్‌ల ఉదంతం

2024 మే నెలాఖరులో తెలంగాణ పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ నుంచి సమాచారం బయటికి పోయింది. పౌరులు ఫిర్యాదులు చేయడానికి, సాయం కోరడానికి వాడే యాప్ అది. కొద్ది రోజులకే, జూన్‌లో, పోలీసులు తమ విధుల్లో వాడుకునే ‘టీఎస్‌కాప్’ యాప్ సమాచారం కూడా బయటపడినట్టు వార్తలొచ్చాయి. అదే నెలలో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఉత్తరప్రదేశ్‌కు చెందిన 20 ఏళ్ల యువకుణ్ణి అరెస్టు చేసింది.

టీఎస్‌కాప్ గురించి హైదరాబాద్‌కు చెందిన డేటా భద్రతా పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి ఒక ముఖ్యమైన మాట చెప్పారు. యాప్ తయారుచేసినవాళ్లు పాస్‌వర్డ్‌లను యాప్‌లోనే, ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో పెట్టారన్నది ఆయన పరిశీలన. ఆ యాప్‌కు సీసీటీఎన్‌ఎస్‌తో (దేశంలోని పోలీస్ స్టేషన్లను, నేరాల రికార్డులను కలిపే వ్యవస్థ) సంబంధం ఉందని కూడా ఆయన గుర్తుచేశారు.

బాధ్యత ఎవరిదన్నది దర్యాప్తు తేల్చాల్సిన సంగతి. మనం అర్థం చేసుకోవాల్సింది ఒకటే. యాప్‌లో పెట్టిన పాస్‌వర్డ్ బయటివాళ్ల చేతికి ఎలా చిక్కుతుంది?

కోడ్ రహస్యాన్ని దాచలేదు

ఆండ్రాయిడ్ యాప్ మన ఫోన్‌లోకి ఏపీకే అనే ఫైలుగా వస్తుంది. అది నిజానికి జిప్ రూపంలో కట్టిన మూట. దాన్ని విప్పి, లోపలి సూచనలను మనిషి చదవగలిగే కోడ్‌గా తిరిగి మార్చే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. ఈ పనిని డీకంపైల్ చేయడం అంటారు. కోడ్‌లో ఎక్కడైనా పాస్‌వర్డ్ రాసి ఉంటే, అది రాసింది రాసినట్టే కనిపిస్తుంది. లక్షమంది ఫోన్లలో యాప్ ఉంటే, ఆ పాస్‌వర్డ్ ప్రతులు లక్ష ఉన్నట్టే. తలుపుకు తాళం వేసి, చెవిని చూరులో దోపి వెళ్లినట్టే ఇది. వెతికే ఓపిక ఉన్నవాడికి దొరక్క తప్పదు.

రెండో దారి గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునూ తేదీతో సహా భద్రపరిచే సాధనం). విద్యార్థులు తమ ప్రాజెక్టులను గిట్‌హబ్ (కోడ్‌ను దాచుకుని, నలుగురితో పంచుకునే వెబ్‌సైట్) లో పెడతారు. ఉద్యోగానికి పంపే దరఖాస్తులో ఆ లింకు ఇస్తారు. అందులో పాస్‌వర్డ్ ఉందని తర్వాత గుర్తొచ్చి, ఆ వరుసను తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. గిట్ పాత రూపాన్ని చెరిపేయదు. నిన్నటి కోడ్ ఎలా ఉందో చూపించడమే దాని పని. కాబట్టి తీసేసిన వరుస చరిత్రలో అలాగే ఉంటుంది. ఎప్పుడు తీసేశారో కూడా కనిపిస్తుంది.

దీన్ని ఎవరు చూస్తారులే అనుకోవడానికి లేదు. గిట్‌హబ్‌లో కొత్తగా ఎక్కే కోడ్‌ను రాత్రింబవళ్లు గాలించే ప్రోగ్రాములు ఉన్నాయి. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ఈ సంగతిని లెక్కకట్టి చూపారు. లక్షకు పైగా బహిరంగ ప్రాజెక్టుల్లో రహస్య కీలు (ప్రోగ్రాములు పాస్‌వర్డ్‌లా వాడే అక్షరాల వరుసలు) బయటపడి ఉన్నాయని, రోజూ కొత్తవి వేల సంఖ్యలో చేరుతున్నాయని తేల్చారు. కోడ్ ఎక్కిన క్షణాల్లోనే అందులోని కీని పట్టుకోవడం సాధ్యమేనని కూడా నిరూపించారు. క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు దొరికే కంప్యూటర్లు) ఖాతా కీ అలా దొరికితే, దొరికినవాడు ఆ ఖాతా పేరుతో పెద్ద యంత్రాలు అద్దెకు తీసుకుని క్రిప్టో కరెన్సీ తవ్వకానికి వాడుకుంటాడు. బిల్లు మాత్రం ఖాతాదారుకు వస్తుంది.

పెద్ద కంపెనీలూ ఇందుకు అతీతం కాదు. 2016లో ఉబర్ ఇంజినీర్లు వాడే గిట్‌హబ్ ప్రాజెక్టులోకి ఇద్దరు చొరబడ్డారు. అది బయటివాళ్లకు కనిపించని ప్రైవేటు ప్రాజెక్టే. అందులో అమెజాన్ క్లౌడ్ కీలు దొరికాయి. వాటితో 5.7 కోట్ల మంది వివరాలున్న నిల్వను చేరుకున్నారు. ఆ సంగతిని ఉబర్ 2017 నవంబరు దాకా బయటపెట్టలేదు. 2018లో అమెరికా రాష్ట్రాలతో 14.8 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. టయోటాది మరో తీరు. టీ-కనెక్ట్ అనే సేవకు చెందిన కోడ్‌లో కొంత భాగాన్ని ఉపకాంట్రాక్టు సంస్థ పొరపాటున బహిరంగంగా పెట్టింది. అందులో కస్టమర్ల డేటాను తెరిచే కీ ఉంది. 2017 డిసెంబరు నుంచి 2022 సెప్టెంబరు దాకా, అంటే దాదాపు అయిదేళ్లు, అది కంపెనీ కంట పడలేదు. 2,96,019 మంది ఈమెయిల్ చిరునామాలు ప్రమాదంలో పడ్డాయని కంపెనీయే ప్రకటించింది.

మూడో చిక్కు అంతగా పైకి కనిపించదు. కోడ్‌లో ఉన్న పాస్‌వర్డ్‌ను మార్చాలంటే కోడ్ మార్చాలి, పరీక్షించాలి, మళ్లీ విడుదల చేయాలి. అంత పని ఎందుకులే అని ఎవరూ మార్చరు. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లకు, కాంట్రాక్టు ముగిసిన సంస్థకు కూడా అదే పాస్‌వర్డ్ తెలిసి ఉంటుంది. ఏళ్లు గడుస్తాయి. ఎవరెవరికి తెలుసో చెప్పగలిగేవాళ్లు ఉండరు.

సగం దూరం తీసుకెళ్లే పద్ధతి

కొంచెం అనుభవం వచ్చినవాళ్లు పాస్‌వర్డ్‌ను కోడ్ నుంచి తీసి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు బయటి నుంచి అందించే విలువ) పెడతారు. సాధారణంగా ‘డాట్ ఈఎన్‌వీ’ అనే చిన్న ఫైలులో ఆ విలువలు ఉంటాయి. ఆ ఫైలును గిట్‌హబ్‌కు పంపవద్దని గిట్‌కు చెబుతారు. కోడ్‌లో రాయడం కంటే ఇది నిస్సందేహంగా మెరుగు. సొంతంగా నేర్చుకునే ప్రాజెక్టుకు చాలావరకు సరిపోతుంది కూడా.

నలుగురు కలిసి పనిచేసే చోట మాత్రం ఇది చాలదు. ఆ ఫైలు ప్రతి ఒక్కరి ల్యాప్‌టాప్‌లో ఉండాలి. దాంతో వాట్సాప్‌లో పంపుకుంటారు, మెయిల్‌లో పెట్టుకుంటారు. ఎవరు ఎప్పుడు తెరిచారో లెక్క ఉండదు. పాస్‌వర్డ్ మారిస్తే అన్ని ప్రతుల్లోనూ మార్చాలి. ఒకటి మరిచినా ఆ చోట ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

సీక్రెట్స్ మేనేజర్ చేసే పని

ఈ లోటును తీర్చడానికి వచ్చిందే సీక్రెట్స్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లు, కీల వంటి రహస్యాలను భద్రపరిచి, అనుమతి ఉన్న ప్రోగ్రామ్‌కు మాత్రమే అందించే క్లౌడ్ సేవ). హాషికార్ప్ సంస్థ ‘వాల్ట్’, మైక్రోసాఫ్ట్ అజ్యూర్ ‘కీ వాల్ట్’ 2015లో వచ్చాయి. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2018 ఏప్రిల్‌లో ‘సీక్రెట్స్ మేనేజర్’ను తెచ్చింది. గూగుల్ క్లౌడ్ 2020లో ‘సీక్రెట్ మేనేజర్’ను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. పేర్లు వేరైనా సూత్రం ఒకటే.

ఇది నాలుగు పనులు చేస్తుంది. మొదటిది, రహస్యాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చి) దాచడం. రెండోది, అడిగింది ఎవరో, వాళ్లకు అనుమతి ఉందో లేదో చూడటం. మూడోది, ఎవరు ఎప్పుడు అడిగారో చిట్టా రాయడం. నాలుగోది, పాస్‌వర్డ్‌ను గడువు ప్రకారం మార్చడానికి తోడ్పడటం. కోడ్‌లో రాసిన పాస్‌వర్డ్‌తో ఈ నాలుగింటిలో ఒక్కటీ జరగదు.

దాచడంలో రెండు అంచెలుంటాయి. అమెజాన్ సేవలో రహస్యాన్ని ఒక డేటా కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ఆ డేటా కీని మళ్లీ మరో కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ఆ రెండో కీ ప్రత్యేక భద్రతా యంత్రాల్లోనే ఉంటుంది. మామూలు రూపంలో బయటికి రాదు. అందువల్ల నిల్వ చేసిన డిస్కు ఎవరి చేతికి చిక్కినా అందులోంచి పాస్‌వర్డ్ బయటపడదు.

మనకు ఇంకో సంగతి కూడా పనికొస్తుంది. ఈ సేవలో రహస్యం ఒక ప్రాంతానికి చెంది ఉంటుంది. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాలను తెరిచింది. ప్రోగ్రామ్, డేటాబేస్, రహస్యం మూడూ హైదరాబాద్ ప్రాంతంలోనే ఉంచుకోవచ్చు. రహస్యం హైదరాబాద్‌లో పెట్టి ముంబై ప్రాంతంలో అడిగితే ‘అలాంటిది లేదు’ అనే జవాబు వస్తుంది. కొత్తవాళ్లు గంటల తరబడి తల పట్టుకునే లోపాల్లో ఇది ఒకటి.

కోడ్ ఎలా అడుగుతుంది

ఒక కాలేజీ హాస్టల్‌లో మెస్ బిల్లుల ప్రోగ్రామ్ ఉందనుకుందాం. పైథాన్ భాషలో రాశారు. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను సీక్రెట్స్ మేనేజర్‌లో ‘మెస్-ప్రొడక్షన్-డేటాబేస్’ అనే పేరుతో దాచారు. ఇక కోడ్‌లో పాస్‌వర్డ్ ఉండదు. ఈ పేరు మాత్రమే ఉంటుంది. పేరు తెలిసినంత మాత్రాన రహస్యం చేతికి రాదు.

ప్రోగ్రామ్‌లో పని నాలుగు అడుగుల్లో జరుగుతుంది. మొదట ‘బోటో3’ అనే లైబ్రరీని (ఇతరులు రాసి పెట్టిన, మనం వాడుకోదగిన కోడ్) పిలుస్తారు. అమెజాన్ సేవలతో పైథాన్ మాట్లాడేది దీని ద్వారానే. రెండో అడుగులో ‘సీక్రెట్స్ మేనేజర్, హైదరాబాద్ ప్రాంతం’ అని చెప్పి ఒక క్లయింట్‌ను (సేవతో సంభాషించే వస్తువు) తయారుచేస్తారు. మూడో అడుగులో ‘గెట్ సీక్రెట్ వాల్యూ’ అనే ఆజ్ఞకు మన రహస్యం పేరు ఇస్తారు. నాలుగో అడుగులో వచ్చిన జవాబులోంచి ‘సీక్రెట్ స్ట్రింగ్’ అనే భాగాన్ని తీసుకుంటారు. డేటాబేస్ రహస్యమైతే అది సాధారణంగా జేసన్ రూపంలో (పేరు, విలువ జంటలుగా రాసిన పాఠం) ఉంటుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్, డేటాబేస్ చిరునామా అందులో ఉంటాయి. వాటితో డేటాబేస్‌ను తెరుస్తారు. మొత్తం పది వరుసలు దాటదు.

తెర వెనక జరిగేది ఇంకా ముఖ్యం. ప్రోగ్రామ్ పంపిన అభ్యర్థన మీద ఒక డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం చేయడానికి వాడిన రహస్య కీ ఆ అభ్యర్థనతో పాటు వెళ్లదు. సంతకం మాత్రమే వెళ్తుంది. అవతలి సేవ దాన్ని సరిచూస్తుంది. అడిగింది ఎవరో తెలుసుకుంటుంది. ఆ ప్రోగ్రామ్‌కు ఈ రహస్యం చదివే అనుమతి ఉందా అని చూస్తుంది. ఉంటే ఎన్‌క్రిప్షన్ విప్పి, సురక్షితమైన కనెక్షన్ ద్వారా విలువను పంపుతుంది. లేకపోతే ‘యాక్సెస్ డినైడ్’ అని చెబుతుంది. ఇచ్చినా, నిరాకరించినా క్లౌడ్‌ట్రెయిల్ అనే చిట్టాలో ఒక వరుస చేరుతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు ఎవరో తెలియని చోటు నుంచి మెస్ డేటాబేస్ పాస్‌వర్డ్ అడిగితే, అది ఆ చిట్టాలో ఉంటుంది.

ఈ పది వరుసలు రాసేటప్పుడు మూడు జాగ్రత్తలు తప్పనిసరి.

ఒకటి, తెచ్చుకున్న విలువను ప్రింట్ చేయకూడదు, లాగ్‌లో (ప్రోగ్రామ్ నడిచిన తీరును నమోదు చేసే ఫైలు) రాయకూడదు. లోపం వెతకడానికి ‘ఒక్కసారి చూద్దాం’ అని పెట్టిన ప్రింట్ వరుసే పాస్‌వర్డ్‌ను లాగ్ ఫైళ్లలోకి చేరుస్తుంది. ఆ ఫైళ్లను చదివేవాళ్లు చాలామంది ఉంటారు.

రెండు, ప్రతి చిన్న పనికీ మళ్లీ మళ్లీ అడగకూడదు. ఒకసారి తెచ్చుకున్నది కొంతసేపు క్యాష్‌లో (ప్రోగ్రామ్ తాత్కాలిక జ్ఞాపకంలో) ఉంచుకోవాలి. ఇందుకోసం అమెజాన్ ఒక లైబ్రరీ కూడా ఇస్తోంది. అది మామూలుగా గంటకోసారి విలువను తాజాపరుస్తుంది.

మూడు, క్యాష్‌లో ఉన్న పాస్‌వర్డ్‌తో డేటాబేస్ తెరుచుకోకపోతే వెంటనే చేతులెత్తేయకూడదు. ఈలోగా పాస్‌వర్డ్ మారి ఉండొచ్చు. ఒకసారి కొత్తగా తెచ్చుకుని మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ కుదరకపోతేనే లోపమని తేల్చాలి.

మొదటి గుర్తింపు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ శ్రద్ధగల పాఠకుడికి ఒక సందేహం రావాలి. సీక్రెట్స్ మేనేజర్‌ను అడగాలన్నా ప్రోగ్రామ్ తానెవరో నిరూపించుకోవాలి కదా? అందుకు ఇంకో కీ కావాలి. దాన్ని కోడ్‌లో పెడితే మళ్లీ మొదటికే వచ్చినట్టు కాదా?

నిజమే. ఆ కీని కోడ్‌లో పెడితే ఇంత శ్రమా వృథా. పరిష్కారం మరో పాస్‌వర్డ్‌లో లేదు. ప్రోగ్రామ్ ఎక్కడ నడుస్తోందన్న సంగతినే దాని గుర్తింపుగా వాడుకోవడంలో ఉంది. క్లౌడ్‌లో యంత్రాన్ని నడిపేది క్లౌడ్ సంస్థే. ఏ యంత్రం ఏ ఖాతాదారుదో ఆ సంస్థకు తెలుసు. కాబట్టి ఆ యంత్రానికి ఒక రోల్ (ఏమేం చేయవచ్చో నిర్ణయించే అనుమతుల కట్ట) తగిలిస్తారు. యంత్రంలోని ప్రోగ్రామ్‌కు క్లౌడే స్వయంగా తాత్కాలిక కీలు అందిస్తుంది. కొద్ది గంటల్లో వాటి గడువు తీరిపోతుంది. అంతకు ముందే కొత్తవి వస్తాయి. వాటిని మనిషి చూడడు, రాయడు, కాపీ చేయడు. అజ్యూర్‌లో దీన్ని మేనేజ్డ్ ఐడెంటిటీ అంటారు. గూగుల్ క్లౌడ్‌లో సర్వీస్ అకౌంట్ ద్వారా ఇదే పని జరుగుతుంది.

బోటో3 ఈ తాత్కాలిక కీలను తనంతట తానే వెతికి తెచ్చుకుంటుంది. అందుకే పైన చెప్పిన నాలుగు అడుగుల్లో ఎక్కడా కీ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. సొంత ల్యాప్‌టాప్‌లో పనిచేసే ఇంజినీరు తన సంస్థ లాగిన్ ద్వారా కొద్ది గంటల అనుమతి తెచ్చుకుంటాడు. అక్కడా శాశ్వత కీ అవసరం ఉండదు.

మొబైల్ యాప్ సంగతి వేరు. ఫోన్ మన యంత్రం కాదు, వాడుకరిది. అక్కడ నడిచే కోడ్‌కు క్లౌడ్ ఇలా హామీ ఇవ్వలేదు. అందుకే యాప్ నేరుగా సీక్రెట్స్ మేనేజర్‌ను అడగకూడదు, డేటాబేస్‌నూ తాకకూడదు. యాప్‌లో వాడుకరి తన పేరుతో లాగిన్ కావాలి. యాప్ సర్వర్‌ను (సంస్థ చేతిలో ఉండే కంప్యూటర్) అడగాలి. ఆ మనిషికి ఏది చూసే హక్కు ఉందో సర్వర్ తేల్చాలి. డేటాబేస్ పాస్‌వర్డ్ సర్వర్ దాటి బయటికి రాకూడదు. టీఎస్‌కాప్ మీద వచ్చిన విమర్శ నుంచి యాప్‌లు రాసేవాళ్లు తీసుకోవాల్సిన పాఠం ఇదే.

పాస్‌వర్డ్ మారుతూ ఉండాలి

ప్రోగ్రామ్ ఎప్పటికప్పుడు తాజా విలువ అడిగి తెచ్చుకుంటుంటే, పాస్‌వర్డ్ మార్చడం కష్టమైన పని కాదు. దీన్ని రొటేషన్ (గడువు ప్రకారం రహస్యాన్ని మార్చడం) అంటారు. అమెజాన్ సేవలో ఇది నాలుగు మెట్లలో జరుగుతుంది. ముందు కొత్త పాస్‌వర్డ్‌ను తయారుచేసి, ‘పెండింగ్’ అని గుర్తు పెట్టి పక్కన ఉంచుతుంది. తర్వాత దాన్ని డేటాబేస్‌లో అమర్చుతుంది. ఆ తర్వాత కొత్త పాస్‌వర్డ్‌తో డేటాబేస్ తెరుచుకుంటుందో లేదో పరీక్షిస్తుంది. అంతా సరిగా ఉంటేనే ‘కరెంట్’ అనే గుర్తును కొత్తదానికి మారుస్తుంది. పాతదానికి ‘ప్రీవియస్’ అనే గుర్తు మిగులుతుంది.

ఏ గుర్తూ చెప్పకుండా అడిగితే ప్రోగ్రామ్‌కు ‘కరెంట్’ విలువే వస్తుంది. కాబట్టి కోడ్‌లో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ఒక ఉద్యోగి మానేసిన రోజే పాస్‌వర్డ్ మార్చేయవచ్చు. దొంగిలించినవాడి దగ్గర ఉన్నది కొద్ది రోజుల్లో పనికిరాకుండా పోతుంది. అయిదేళ్లు ఒకే కీ నడిచిన టయోటా వంటి పరిస్థితి రాదు.

ఇది చేయలేనివి

ఈ సేవ పెట్టుకుంటే ఇక దిగులు లేదనుకోవడం పొరపాటు. ప్రోగ్రామ్ నడిచే యంత్రంలోకే ఎవరైనా చొరబడితే, ఆ ప్రోగ్రామ్‌కు దొరికే రహస్యాలన్నీ వాళ్లకూ దొరుకుతాయి. 2019లో అమెరికా బ్యాంకు క్యాపిటల్ వన్‌లో జరిగింది ఇటువంటిదే. సరిగా అమర్చని రక్షణ సాఫ్ట్‌వేర్ ద్వారా చొరబడిన మహిళ, ఆ యంత్రానికి తగిలించిన రోల్ తాలూకు తాత్కాలిక కీలను రాబట్టింది. ఆ రోల్‌కు అవసరానికి మించిన అనుమతులు ఉన్నాయి. అమెరికాలో దాదాపు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది సమాచారం బయటికి పోయింది. కోడ్‌లో పాస్‌వర్డ్ లేకపోయినా నష్టం తప్పలేదు.

దీనికి విరుగుడు తక్కువ అనుమతి. మెస్ బిల్లుల ప్రోగ్రామ్‌కు మెస్ డేటాబేస్ రహస్యం చదివే అనుమతి చాలు. పరీక్షల విభాగం రహస్యంతో దానికి పని లేదు. ‘అన్ని రహస్యాలూ చదవవచ్చు’ అని ఒక్క ముక్కలో అనుమతి ఇచ్చేయడం రాసేవాళ్లకు తేలిక. ఆ తేలికదనం ఖరీదు ప్రమాదం జరిగిన రోజు తెలుస్తుంది. ప్రయోగాలకు వాడే రహస్యాలను, జనం వాడే అసలు సేవ రహస్యాలను కూడా వేరువేరుగా ఉంచాలి. అప్పుడు విద్యార్థి ల్యాప్‌టాప్ పోయినా అసలు డేటాబేస్‌కు ముప్పు ఉండదు.

ఖర్చు ఎంత? చట్టం ఏమంటోంది?

చిన్న సంస్థలు ఇది తమ స్థాయికి మించిందనుకుంటాయి. లెక్క చూద్దాం. అమెజాన్ ఒక్కో రహస్యానికి నెలకు 40 సెంట్లు, అంటే 40 రూపాయలకు కాస్త అటూఇటూ తీసుకుంటుంది. పది వేల సార్లు అడిగితే 5 సెంట్లు. ప్రోగ్రామ్ సెకనుకోసారి అడిగితే 30 రోజుల్లో 25,92,000 సార్లు అవుతుంది. దాని ఖర్చు దాదాపు 13 డాలర్లు. క్యాష్ పెట్టుకుని గంటకోసారి అడిగితే 720 సార్లే. అంటే ఒక సెంటు కూడా కాదు. ఆ ఒక్క జాగ్రత్తతో అడిగే ఖర్చు దాదాపు మాయమవుతుంది.

చట్టం కూడా ఇప్పుడు ఈ వైపే నడిపిస్తోంది. ప్రజల వ్యక్తిగత సమాచారం దగ్గర ఉంచుకునే సంస్థలు తగిన భద్రతా చర్యలు తీసుకోవాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ విషయంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. ఈ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ మరో ఆదేశం ఇచ్చింది. సైబర్ ఘటనను గుర్తించిన ఆరు గంటల్లో తమకు తెలపాలంది. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలంది. ఎవరు ఏ రహస్యం తీసుకున్నారో చిట్టా లేని సంస్థ ఆరు గంటల్లో ఏం చెప్పగలదు?

ఈ జాగ్రత్త అవసరం ఇక్కడా పెరుగుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు ప్రారంభించింది. ఇటువంటి సేవ ఏదైనా పనిచేయాలంటే ఒక వ్యవస్థ ఇంకో వ్యవస్థను తలుపు తట్టి అడగాలి. అలా అడిగే ప్రతిచోటా ఒక కీ ఉంటుంది. సేవలు పెరిగేకొద్దీ కీలు పెరుగుతాయి. వాటిని తయారుచేసేది, రేపు సరిదిద్దేది ఇవాళ తరగతి గదుల్లో ఉన్న పిల్లలే.

ఇప్పుడు చేయవలసింది

ఏర్పేడులో చదివినా ఇంకెక్కడ చదివినా, కోడ్ రాసే ప్రతి విద్యార్థికీ ఒక విన్నపం. మీ పాత ప్రాజెక్టులు తెరిచి, పాస్‌వర్డ్, కీ, టోకెన్ అనే మాటల కోసం వెతకండి. గిట్ చరిత్రలో కూడా వెతకండి. ఒకటి దొరికితే ముందు ఆ వరుసను తీసేయడానికి తొందరపడకండి. ముందు ఆ పాస్‌వర్డ్‌ను మార్చండి లేదా ఆ కీని రద్దు చేయండి. తర్వాత చిట్టా చూసి, ఈలోగా ఎవరైనా వాడారేమో తెలుసుకోండి. కోడ్‌ను శుభ్రం చేయడం ఆ తర్వాతి పని.

అధ్యాపకులకు ఒక సూచన. ప్రాజెక్టుకు మార్కులు వేసేటప్పుడు ప్రోగ్రామ్ నడిచిందా అన్నదే కాక, పాస్‌వర్డ్ ఎక్కడ ఉందో కూడా అడగండి. పని అప్పగించే ప్రభుత్వ శాఖలు, చిన్న సంస్థలు కూడా కాంట్రాక్టు మీద సంతకం చేసే ముందు ఇదే ప్రశ్న వేయాలి. ‘పాస్‌వర్డ్‌లు ఎక్కడ ఉంచుతారు, ఎన్నాళ్లకోసారి మారుస్తారు, చిట్టా ఎవరు చూస్తారు?’ దీనికి సూటిగా జవాబు చెప్పలేనివాళ్ల చేతికి ప్రజల సమాచారం అప్పగించకూడదు.